చెల్లి డిగ్రీలో ఫోరెన్సిక్ సైన్స్ చదువుతానంటోంది, దోస్త్‌లో మొదటి ఆప్షన్ పెట్టొచ్చా?

మౌలాలి_మాధవి
చెల్లికి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్ రాసింది గానీ సీటొచ్చే మార్కులు కావు. లాంగ్ టర్మ్‌కి కూర్చోనని తెగేసి చెప్పేసింది. ఫోరెన్సిక్ సైన్స్ చేస్తానని పట్టుపట్టింది. ఇది నిన్న మొన్న పుట్టిన ఆశ కాదు, హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ పేపర్లో వచ్చే కేసుల వార్తలు కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకునేది. ఇంట్లో మాత్రం రోజూ గొడవే. నాన్న "ఆడపిల్ల శవాల దగ్గర కూర్చునే చదువా" అంటున్నారు. మా మేనమామ "ఉద్యోగాలుండవు, నర్సింగ్‌లో చేర్పించండి" అని పొద్దున్నే ఫోన్ చేస్తున్నాడు.

సిటీలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫోరెన్సిక్‌తో కాంబినేషన్ ఉంది. ఫీజు మామూలు బీఎస్సీ కంటే బాగా ఎక్కువ. లేదంటే కోఠి ఉమెన్స్‌లో మామూలు లైఫ్ సైన్సెస్. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు) వెబ్ ఆప్షన్లకు గడువు దగ్గర పడింది. ఈ కోర్సు చదివినవాళ్లు, ఆ పనిలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. డబ్బు నా జీతంలోంచే కట్టాలి, అందుకే ఇంత ఆలోచన.

బర్కత్‌పుర_భాస్కర్
వెబ్ సిరీస్‌లు చూసి చేరే పిల్లలే ఎక్కువ ఈ కోర్సులో. నాలుగు రోజులయ్యాక మోజు తీరిపోతుంది. బీజడ్సీ చేసి బీఈడీ చేయించండి, ఇంటి పక్క స్కూల్లోనైనా బతకొచ్చు.

మౌలాలి_మాధవి
@బర్కత్‌పుర_భాస్కర్ టీచరు కావాలని ఆమెకి లేదండీ. బలవంతంగా చేర్పిస్తే పిల్లలకి చెప్పేది కూడా బలవంతంగానే చెబుతుంది.

రెడ్‌హిల్స్_పెద్దాయన
అమ్మా, మీ నాన్నగారి భయం సంగతి ముందు చూద్దాం. నేను స్టేట్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో టాక్సికాలజీ, అంటే విషాలు పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను.

పోస్ట్‌మార్టం చేసేది డాక్టర్లు. ఎంబీబీఎస్ చదివి, ఆపైన ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ చేసినవాళ్లు గాంధీలోనో ఉస్మానియాలోనో ఆ పని చూస్తారు. అది వేరే దారి, వేరే చదువు. బీఎస్సీ ఫోరెన్సిక్ చేసిన పిల్ల చేతికి కత్తి రాదు. ల్యాబ్‌కి వచ్చేది సీలు వేసిన సీసా. పొట్ట, అందులో ఉన్న పదార్థం, చిన్నపేగు ముక్క, కాలేయం ముక్క, రెండు కిడ్నీల్లో చెరి సగం, ఇవన్నీ ఉప్పు ఇక కరగనంత చిక్కటి ఉప్పునీళ్లలో వేసి పంపుతారు. రక్తం వేరే సీసాలో, సోడియం ఫ్లోరైడ్ కలిపి. వీటినే విసెరా అంటాం. ఎవరైనా తెలియక ఫార్మలిన్‌లో వేసి పంపితే చాలా విషాలు తర్వాత దొరకవు.

మొదటి పని సీలు సరిపోల్చడం. స్టేషన్ నుంచి వచ్చిన నమూనా సీలు, సీసా మీద సీలు ఒకటి కాకపోతే సీసా తెరవం, వెనక్కి పంపేస్తాం. తర్వాత తూకం, రిజిస్టరు, సగం నమూనా పక్కన దాచిపెట్టడం. ఆ తర్వాతే కెమిస్ట్రీ. ఆవిరయ్యే విషాలకైతే స్టీమ్ డిస్టిలేషన్. ఆల్కలాయిడ్లకు స్టాస్–ఆటో పద్ధతి, 1850లో బెల్జియంలో నికోటిన్ హత్య కేసులో స్టాస్ కనిపెట్టిన పద్ధతి మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది. పురుగుమందులకు టీఎల్‌సీ ప్లేటు, ఆపైన జీసీ-ఎంఎస్. రెండూ కలిసిపోయిన రసాయనాలను విడదీసేవే, రెండోది మెషీన్, ఏ రసాయనమో కూడా గుర్తుపడుతుంది. మన జిల్లాల నుంచి వచ్చే వాటిలో పురుగుమందులదే పెద్ద వాటా. మోనోక్రోటోఫాస్ వాసన సీసా మూత తీయగానే పట్టేసేవాళ్లం. గడ్డిమందు పారాక్వాట్ కూడా వచ్చేది. కల్తీ కల్లు నమూనాలు వస్తే అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కోసం వెతకాలి.

వాసన ఉంటుంది, నిజమే. మధ్యాహ్నం అన్నం తినలేకపోయేవాళ్లు మొదట్లో ఉంటారు, నెలలో సర్దుకుంటారు. మా విభాగంలో ఆడవాళ్లు చాలామంది పనిచేశారు, వాళ్ల రిపోర్టుల్లో కొట్టివేతలు తక్కువ.

ఉద్యోగాల సంగతి పెద్దది, సాయంత్రం రాస్తాను.

ఉప్పల్_ఊర్మిళ
నేను ఈ కోర్సే చేశాను, సిటీలోనే, ప్రైవేటు కాలేజీ. పేరు చెప్పను. సార్ చెప్పిన జీసీ-ఎంఎస్‌ని మూడేళ్లలో పుస్తకంలో బొమ్మగానే చూశాను. మా ల్యాబ్‌లో ఉన్నవి మైక్రోస్కోపులు, ఫింగర్‌ప్రింట్ పౌడర్ డబ్బాలు, నిన్‌హైడ్రిన్ సీసా. ఫ్యాకల్టీ ఏడాదికొకరు మారేవారు. ఒక మేడమ్ మాత్రం క్వశ్చన్డ్ డాక్యుమెంట్స్ అద్భుతంగా చెప్పారు. సంతకం ఫోర్జరీ చేసేటప్పుడు చేయి వణికిన చోటు, కలం ఎత్తి మళ్లీ పెట్టిన చోటు ఎలా పట్టుకోవాలో ఆమె దగ్గర నేర్చుకున్నదే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. ఇన్సూరెన్స్ క్లెయిముల పరిశీలనలో పనిచేస్తున్నాను.

కోర్సు చెడ్డదని అనను. కాలేజీ ఎలాంటిదో చూడకుండా కోర్సు పేరు చూసి ఫీజు కట్టొద్దు. చేరకముందే ల్యాబ్ చూపించమని అడగండి. చూపించడానికి వెనకాడితే అక్కడే మీకు జవాబు దొరికినట్టు.

ల్యాబ్‌కోటు_లహరి
ఊర్మిళక్క చెప్పింది అన్ని కాలేజీలకీ వర్తించదు. నేను ఓయూలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ చేస్తున్న. బీఎస్సీలో నాది కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ. మా క్లాసులో సగం మంది డిగ్రీలో ఫోరెన్సిక్ చదివొచ్చినోళ్లే. మొదటి సెమిస్టర్‌ల వాళ్లు నాకంటే ముందుండె. తాకిన చోటల్ల ఆనవాలు మిగులుతదనే లొకార్డ్ సూత్రం, ఫింగర్‌ప్రింట్ ప్యాటర్నులు, క్రైమ్ సీన్ స్కెచ్, చట్టాలు అన్నీ వాళ్లకి తెల్సు. నాకు వేలిముద్రల్ల లూప్, వోర్ల్, ఆర్చ్ తేడా కూడా తెల్వకుండె. ఇన్‌స్ట్రుమెంటేషన్ వచ్చేసరికి కత తిరగబడ్డది. మెషీన్ల రసాయనాలను విడదీసే కాలమ్ ఎందుకు అట్ల పనిచేస్తది, గ్రాఫ్‌ల పీక్ ఎందుకు సాగింది అంటే కెమిస్ట్రీ గట్టిగ ఉన్నోళ్లే చెప్పగలుగుతున్నరు.

నా మాట: డిగ్రీల గట్టి సైన్స్ చదివి, ఎమ్మెస్సీకి ఫోరెన్సిక్ తీస్కోవాలె. పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాస్తే చాలు.

క్లూస్‌బండి
లహరి చెల్లె, అందరికి ఎమ్మెస్సీ దాకా ఆగే ఓపిక, పైసలు ఉండయి కదా. ఇష్టం ఉన్న పిల్లను మూడేండ్లు ఇష్టం లేనిది చదవమంటే మార్కులేడికెళ్లి వస్తయ్?

నేను సీన్ మీదికి, అంటే నేరం జరిగిన చోటికి పోయే పని చేస్త. బయటోళ్లకు తెల్వని సంగతి ఒకటి చెప్త. ఈ పనిల సగం టైం జనాన్ని ఆపుడుకే పోతది. దొంగతనం జరిగిన ఇంట్ల మేం పోయేసరికి చుట్టాలందరు బీరువ ముట్టుకోని సూస్తరు. ఇగ చాన్స్ ప్రింట్ (దొంగ ఇడిసిపోయిన వేలిముద్ర) ఎవలిదని తీయాలె? గాజు మీద పౌడర్, కాయితం మీద నిన్‌హైడ్రిన్, ప్లాస్టిక్ కవరుంటే సూపర్ గ్లూ పొగ. ఇవన్ని పుస్తకంల సగం పేజీ. పని మీద మాత్రం రాత్రి రెండింటికి వాన పడుతుంటే మట్టిల బూటు గుర్తు కొట్టుకపోకముందే కొలిచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో దీసి, ప్లాస్టర్ పోయాలె. ఓపిక ఉన్న పిల్లయితే పంపుండ్రి.

బర్కత్‌పుర_భాస్కర్
రాత్రి రెండింటికి ఆడపిల్లని వానలోకి పంపమంటున్నారా? మాధవి గారి నాన్నగారు ఇది చదివితే దోస్త్ లాగిన్ కూడా చేయనివ్వరు :)

క్లూస్‌బండి
@బర్కత్‌పుర_భాస్కర్ మా టీంల మేడమ్‌లు ఉన్నరన్నా. ఒకామె ముందు నేను ఫోటో తప్పు కోణంల తీయాల్నంటే భయపడ్త.

నల్లకోటు_నాంపల్లి
క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను కాబట్టి ఒక కొత్త సంగతి చెప్పాలి. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) ప్రకారం ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు సీన్‌కి వెళ్లి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. చట్టం రాసినంత తేలిగ్గా పోస్టులు పుట్టవు, కానీ మనుషులు లేకుండా ఈ సెక్షన్ నడవదు. మీ చెల్లెలు చదువు ముగించుకొని వచ్చేసరికి ఆ గడువు కూడా ముగింపుకి వస్తుంది.

ఇంకోటి. ల్యాబ్‌లో కూర్చుంటే కోర్టు గొడవ ఉండదనుకోవద్దు. ప్రభుత్వ నిపుణుల రిపోర్టును నేరుగా సాక్ష్యంగా తీసుకునే వీలు పాత సీఆర్‌పీసీ 293లో ఉండేది, ఇప్పుడు 329. అయినా కోర్టుకు అవసరమనిపిస్తే రిపోర్టు ఇచ్చినవారిని పిలుస్తుంది. అప్పుడు నాలాంటివాడు నిలబడి "నమూనా మీ చేతికి వచ్చేముందు ఎవరెవరి చేతులు మారింది?" అని అడుగుతాడు. టెస్టు ఎంత గొప్పగా చేసినా, మధ్యలో ఒక్క సంతకం లేకపోతే అంతా పోతుంది. నెత్తురు అంటిన చొక్కాని నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాల్సింది పోయి, తడిగానే పాలిథిన్ కవర్లో కట్టిపెట్టడం వల్ల డీఎన్ఏ పాడైపోయిన సందర్భాలు నేను చూశాను. ఆ చొక్కా చనిపోయినవాళ్ల కుటుంబానికి దొరికిన ఒకే ఒక్క ఆధారం. మంచి చదువు చదివినవాళ్లు ఈ పనిలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

హ్యాష్‌వాల్యూ
అందరూ రక్తం, విషం దగ్గరే ఆగిపోయారు. ఇప్పుడు కేసు ఏదైనా ఫోన్ ఉంటుంది. పార్ట్‌టైమ్ జాబ్ మోసాలు, డిజిటల్ అరెస్టులు, లోన్ యాప్‌లు, అన్నింట్లో ఆధారం ఫోన్లో, లాప్‌టాప్‌లో, సీసీ కెమెరా డీవీఆర్‌లో. రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ సీఎఫ్‌ఎస్‌ఎల్‌లోనే నేషనల్ సైబర్ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. హైదరాబాద్‌లో పెద్ద ఆడిట్ కంపెనీలు, బ్యాంకుల బ్యాక్ ఆఫీసులు డిజిటల్ ఫోరెన్సిక్ టీమ్‌లు నడుపుతున్నాయి. డబ్బు, ఉద్యోగం రెండూ ఇక్కడున్నాయి. కంప్యూటర్ సైన్స్ ఉన్న కాంబినేషన్ తీసుకోమనండి.

ల్యాబ్‌కోటు_లహరి
@హ్యాష్‌వాల్యూ అన్నా, ఆ పిల్లది బైపీసీ. జీవశాస్త్రం ఇష్టమై వస్తుంటే కోడింగ్ నేర్చుకో అంటే ఎట్ల? డీఎన్ఏ పని ఏం తగ్గలే. 2025ల పాశమైలారం పేలుడుల చనిపోయినోళ్లను గుర్తుపట్టనీకి ఇంటోళ్ల రక్తం తీస్కోని డీఎన్ఏతోనే పోల్చిన్రు. ఆ ఇంటోళ్లు ఆసుపత్రి బయట రోజుల తరబడి కూసున్నరు. ఆ రిపోర్టు ఇచ్చుడంటే ఏంటిదో మా క్లాసుల అందరం మాట్లాడుకున్నం.

హ్యాష్‌వాల్యూ
తప్పనలేదమ్మా. జీవశాస్త్రం వద్దనడం లేదు, కంప్యూటర్ కూడా తెలిసి ఉండాలంటున్నాను. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) రాయాలి, నిపుణుడి సంతకం కూడా పడాలి. డీఎన్ఏ పిల్లలకైనా రేపు డేటా ఫైళ్లు చేతికొస్తాయి. డేటా మారకుండా అడ్డుకునే రైట్ బ్లాకర్ లేకుండా పెన్‌డ్రైవ్ పెట్టి ఆధారం పాడుచేసేవాళ్లని చూసి చూసి చెబుతున్నాను.

రెడ్‌హిల్స్_పెద్దాయన
ఉద్యోగాల సంగతి రాస్తానన్నాను కదా. ఇక్కడే పిల్లలు మోసపోతున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఉద్యోగాలు "ఫోరెన్సిక్" అనే ఒక్క పేరు మీద పడవు, విభాగాల వారీగా పడతాయి. ఫిజికల్, కెమికల్, బయాలజీ–సెరాలజీ (రక్తం లాంటివి), డీఎన్ఏ, టాక్సికాలజీ, బాలిస్టిక్స్ (తుపాకులు, తూటాలు), డాక్యుమెంట్స్, కంప్యూటర్స్. మన రాష్ట్ర ల్యాబ్ పోస్టులకు పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది. అది ప్రతి ఏడాదీ వచ్చేది కాదు. కేంద్ర ల్యాబ్‌లలో గెజిటెడ్ పోస్టులకు యూపీఎస్సీ పిలుస్తుంది. అక్కడ అర్హత కాలమ్‌లో ఉండే షరతు ఇలా ఉంటుంది: కెమిస్ట్రీ పోస్టుకైతే కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, లేదా ఫోరెన్సిక్‌లో ఎమ్మెస్సీ అయితే బీఎస్సీ మూడేళ్లూ కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. ఫిజిక్స్ పోస్టుకీ అంతే, మూడేళ్లూ ఫిజిక్స్ ఉండాలి.

మూడేళ్లూ అన్నమాట గట్టిగా పట్టుకోండి. కొన్ని కాలేజీల కోర్సుల్లో కెమిస్ట్రీ మొదటి ఏడాదో, రెండు సెమిస్టర్లో ఉండి తర్వాత మాయమైపోతుంది. అలాంటి డిగ్రీతో ఎమ్మెస్సీ గోల్డ్ మెడల్ తెచ్చుకున్నా దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. నా ముందే ఇలా కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలున్నారు. మార్కులు ఉన్నాయి, ఇష్టం ఉంది, పదిహేడేళ్ల వయసులో ఎవరూ చెప్పని చిన్న విషయం వల్ల తలుపు మూసుకుపోయింది. నాకు అది చూసినప్పుడల్లా కోపం వచ్చేది, పిల్లల మీద కాదు, అందమైన బ్రోచర్లు అచ్చువేసి ఈ ముక్క రాయనివాళ్ల మీద.

అందుకని లహరి మాటా కొట్టిపారేయను, క్లూస్‌బండి మాటా కాదనను. కెమిస్ట్రీ ఆరు సెమిస్టర్లూ ఉండి, దాని పక్కన ఫోరెన్సిక్ ఉంటే చేర్చండి. లేకపోతే వద్దు.

జీడిమెట్ల_క్యూసీ
పెద్దాయన సార్ మాటకి నా ఓటు. ఇంకో కారణం కూడా ఉంది. నోటిఫికేషన్ వచ్చేదాకా పిల్ల ఏం చేయాలి? కెమిస్ట్రీ ఉంటే ఫార్మా క్వాలిటీ కంట్రోల్‌లో చేరొచ్చు. మా ల్యాబ్‌లో రసాయనాలను విడదీసి కొలిచే మెషీన్లు హెచ్‌పీఎల్‌సీ, జీసీ పొద్దున్నుంచి రాత్రి దాకా నడుస్తూనే ఉంటాయి. నమూనా ఎవరు తీశారు, ఎప్పుడు ఇంజెక్ట్ చేశారు, ఎవరు చెక్ చేశారు, ప్రతిదానికీ రికార్డు. నల్లకోటు గారు చెప్పిన చేతులు మారే లెక్కే ఇదీ. మా టీమ్‌లో ఒకమ్మాయి రెండేళ్లు ఇక్కడ మెషీన్ మీద చేయి తిప్పుకొని, ఆ అనుభవంతో ఒక ఫోరెన్సిక్ ల్యాబ్‌లో చేరింది. ఇంటర్వ్యూలో అందరూ థియరీ చెబుతుంటే తను కాలమ్ మార్చడం గురించి చెప్పిందట.

ఉప్పల్_ఊర్మిళ
సార్, మీరు చెప్పిన ఆ మూడేళ్ల షరతు నేను చేరినప్పుడు కాలేజీలో ఒక్కరూ చెప్పలేదు. మాకు కెమిస్ట్రీ చివరిదాకా ఉండేది కాబట్టి బతికిపోయాం. మా జూనియర్ల సిలబస్ మారింది, వాళ్లకి ఉందో లేదో ఇవాళే అడుగుతాను.

దిల్‌సుఖ్‌నగర్_నాన్న
మా అబ్బాయి గుజరాత్‌ గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ చేస్తున్నాడు. పాత గుజరాత్ ఫోరెన్సిక్ యూనివర్సిటీనే 2020లో కేంద్రం చట్టం చేసి జాతీయ స్థాయికి తెచ్చింది. ఢిల్లీ, గోవా, త్రిపురలో కూడా క్యాంపస్‌లు ఉన్నాయి. దోస్త్‌తో సంబంధం లేదు, వాళ్ల ప్రవేశ పరీక్ష వేరే రాయాలి. మెషీన్లు మావాడు చేత్తో ముట్టుకొని నేర్చుకుంటున్నాడు, ఊర్మిళమ్మ చెప్పిన బాధ అక్కడ లేదు. ఖర్చు మాత్రం చిన్నది కాదు, ఫీజు, హాస్టలు, రానూపోనూ రైలు. తిండి సంగతి అడగొద్దు. ప్రతిసారీ గోంగూర, ఆవకాయ సీసాలు మోసుకెళ్తున్నాం. సీలు వేసి, నమూనా సీలు కూడా పంపమంటాడు మావాడు.

మౌలాలి_మాధవి
ఈ పోస్టులన్నీ నాన్నకి చదివి వినిపించాను. పోస్ట్‌మార్టం డాక్టర్లు చేస్తారన్న ముక్క దగ్గరే సగం దిగొచ్చారు. క్లూస్‌బండి అన్న వాన పోస్టు మాత్రం దాటేశాను, తర్వాత చెల్లే చదివి వినిపించేసింది!

దిల్‌సుఖ్‌నగర్ అంకుల్, ఈ ఏడాదికి గాంధీనగర్ మా చేతిలో లేదు, దరఖాస్తు చేయలేదు. పీజీకి ఆలోచిస్తాం.

రేపు ఆ ప్రైవేటు కాలేజీకి వెళ్తున్నాం. ల్యాబ్‌లో ఏమేం అడగాలి? నాది కామర్స్, మెషీన్ చూపిస్తే పనిచేసేదో కాదో కూడా తెలియదు.

ల్యాబ్‌కోటు_లహరి
మాధవక్కా, మెషీన్ ఉన్నదా అని అడగకు. లాగ్‌బుక్ చూపియ్యమను. ఏ మెషీన్‌కైనా పక్కన ఒక పుస్తకం ఉంటది, ఎవరు ఎప్పుడు వాడిన్రో రాస్తరు. పోయిన నెల ఎంట్రీలు ఉంటే పనిచేస్తున్నట్టు. దుమ్ము కవరు కప్పి ఉంటే తెల్సిపోయె. ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు లైబ్రరీల ఉంటయ్, రెండు మూడు తిరగేయమను చెల్లెని. అన్ని ఒకే తీరుగ ఉంటే నెట్‌లకెళ్లి దింపినట్టే.

రెడ్‌హిల్స్_పెద్దాయన
లాగ్‌బుక్ మాట బాగా చెప్పింది అమ్మాయి. దానికి తోడు ఆరు సెమిస్టర్ల సిలబస్ కాగితం మీద అడిగి తీసుకోండి, నోటిమాట వద్దు. పిల్లల్ని ఇంటర్న్‌షిప్‌కి ఎక్కడికి పంపుతున్నారో అడగండి. ల్యాబ్‌ని దూరం నుంచి చూపించే ఒకరోజు టూర్ వేరు, నాలుగు వారాలు కూర్చోబెట్టి పని నేర్పడం వేరు. పాఠం చెప్పేవాళ్లలో కనీసం ఒకరు కేసు రిపోర్టు రాసినవాళ్లుంటే చాలా మంచిది. విసెరాలో విషం కనపడలేదని రిపోర్టు వస్తే మనిషి విషం తాగలేదని అర్థం కాదు. వాంతి అయి ఉండొచ్చు, ఆసుపత్రిలో పొట్ట కడిగి ఉండొచ్చు, రోజుల తరబడి చికిత్సలో ఉండి శరీరం దాన్ని విరగ్గొట్టేసి ఉండొచ్చు. ఇలాంటిది పుస్తకం చదివి చెప్పేవారికీ, చేసినవారికీ తేడా ఉంటుంది.

బర్కత్‌పుర_భాస్కర్
పెద్దాయన గారూ, మరి ఈ ఊళ్లోనే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ మొదలైందంటారు కదా, అంత పేరున్న చోట డిగ్రీ కాలేజీలు ఇంత బలహీనంగా ఎందుకున్నాయి? నిజంగానే అడుగుతున్నా.

రెడ్‌హిల్స్_పెద్దాయన
హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు కట్లపాము జాతి డీఎన్ఏ నుంచి తీసిన ప్రోబ్‌తో (డీఎన్ఏలో గురుతులు వెతికే ముక్కతో) 1988 నాటికి మన సొంత పద్ధతి తయారుచేశారు. 1989లో కేరళ తలశ్శేరిలో పితృత్వం కేసులో అది కోర్టు దాకా వెళ్లింది. రాజీవ్ గాంధీ హత్య కేసులోనూ వాడారు. తర్వాత 1996లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ ఏర్పడింది, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్, రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ల్యాబ్, ఉప్పల్, హబ్సిగూడల్లో ఈ సంస్థలు, ఇన్ని ఒకే ఊళ్లో ఉండటం దేశంలో అరుదు.

డిగ్రీ కాలేజీలకు ఆ గేటు దాటే దారి మాత్రం ఎవరూ వేయలేదు. కేసు నమూనాలున్న చోటికి పిల్లల్ని ఊరికే రానివ్వలేం, అది సబబే. కానీ కేసులు ముగిసిన తర్వాత శిక్షణకు పనికొచ్చే పాత స్లైడ్లు, క్రోమటోగ్రాములు, పేర్లు తీసేసిన రిపోర్టులు బోలెడుంటాయి. రిటైరైనవాళ్లం కూడా పదులమంది ఉన్నాం, పిలిస్తే వచ్చి చెబుతాం. నన్ను ఇప్పటిదాకా ఒక కాలేజీ పిలిచింది, వెళ్లి పాఠాలు చెప్పాను. ఆ పిల్లలు అడిగిన ప్రశ్నలు విన్నాక ఈ చదువు మీద నాకు నమ్మకం పెరిగింది.

నల్లకోటు_నాంపల్లి
సార్, మీరు మా బార్ అసోసియేషన్‌కి కూడా వచ్చి చెప్పాలి. విసెరా రిపోర్టు చదవడం రాని లాయర్లు చాలామంది ఉన్నారు. మీ నంబరు విడిగా మెసేజ్ చేయండి.

మౌలాలి_మాధవి
వెళ్లొచ్చాం. ల్యాబ్ చూపించారు. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ పక్కన లాగ్‌బుక్ ఉంది, ఎంట్రీలు ఈ మధ్యవే. జీసీ లేదు, ఉందని అబద్ధం చెప్పలేదు, ఇంటర్న్‌షిప్‌లో వేరే చోట చూపిస్తామన్నారు. కంపారిజన్ మైక్రోస్కోప్ ఉంది. సిలబస్ కాగితం తెచ్చాను, కెమిస్ట్రీ ఆరు సెమిస్టర్లూ ఉంది. హెచ్‌ఓడీ మేడమ్‌ని చెల్లి లాగ్‌బుక్ అడగ్గానే ఆమె నవ్వి "నిన్ను ఎవరు పంపారమ్మా" అన్నారు. నాన్న కూడా వచ్చారు. ఆయన అడిగిన ఒకే ప్రశ్న బస్సు గురించి.

మొదటి ఆప్షన్ ఇది, రెండోది కోఠిలో కెమిస్ట్రీ ఉన్న కాంబినేషన్. ఏది వచ్చినా చేరుతుంది, పీజీకి ఫోరెన్సిక్ దారి తెరిచే ఉంటుంది కాబట్టి. మేనమామకి ఇంకా చెప్పలేదు.

క్లూస్‌బండి
మంచిగ చేసిన్రు. చెల్లెకి ఒక మాట చెప్పక్కా. ఫోటోగ్రఫీ నేర్చుకోమను, ఇప్పటిసందే. ఫోన్ కెమెరా అయినా సరే. దూరంకెళ్లి ఒకటి, మధ్యల ఒకటి, దగ్గరికెళ్లి స్కేలుతోని ఒకటి. ఇంట్ల వంటగదిని తియ్యమను. ఫోటోలు చూసి ఎవలైనా ఆ గదిని మల్ల బొమ్మ గీయగలిగితే పాసైనట్టు.

మలక్‌పేట_మహేశ్
ఇదే చర్చలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా తమ్ముడిది ఎంపీసీ. వాడికి బయాలజీ అంటే పడదు. తుపాకులు, వాహన ప్రమాదాల పరిశోధన ఇష్టం. వాడికి ఇందులో చోటుందా?

రెడ్‌హిల్స్_పెద్దాయన
చోటు ఉంది నాయనా. ఫిజికల్ విభాగంలో గాజు ముక్కల రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె), కారు పెయింటు పొరలు, తలుపు మీద పనిముట్ల గుర్తులు, చెరిపేసిన ఇంజిన్ నంబరును యాసిడ్ ఎచింగ్‌తో మళ్లీ తేల్చడం, ఇవన్నీ ఫిజిక్స్ వాళ్ల పనే. బాలిస్టిక్స్‌లో రెండు తూటాల మీది గీతల్ని కంపారిజన్ మైక్రోస్కోప్ కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. ఫోన్ కాల్ గొంతు ఎవరిదో తేల్చే పని కూడా చాలా ల్యాబ్‌ల్లో ఈ వైపే ఉంటుంది. బీఎస్సీలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండేలా చూడండి, ఫిజిక్స్ చివరి సెమిస్టర్ దాకా ఉందో లేదో సిలబస్ కాగితం మీద చూసుకోండి. ఆపైన ఎమ్మెస్సీకి ఫిజిక్స్ అయినా, ఫోరెన్సిక్ అయినా పోస్టుకు పనికొస్తుంది.

మలక్‌పేట_మహేశ్
థాంక్స్ సార్. చెరిపేసిన ఇంజిన్ నంబరు మళ్లీ వస్తుందనగానే వాడు ఫోన్ లాక్కొని మిగతాదంతా చదువుతున్నాడు.